మన్యం ఘాట్‌రోడ్లు ఎవరి కోసం పడ్డాయి?

కార్తీకం వెళ్ళి చలి ముదిరే రోజుల్లో విశాఖపట్నం, రాజమహేంద్రవరం, హైదరాబాద్‌ల నుంచి కార్లూ బైకులూ బారులు తీరి తూర్పు కనుమలెక్కుతాయి. లంబసింగి మంచు, వంజంగి మేఘాలు, అరకు వలిసె పూలు, మారేడుమిల్లి బొంగు చికెన్ చూసి, తిని, ఫొటోలు తీసుకొని సాయంత్రానికో మర్నాటికో దిగివచ్చేవాళ్ళే ఎక్కువ. ఆ అందాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు; తెలుగు నేల మీద అంతటి పచ్చదనం, అంతటి చలి ఒక్కచోట దొరికే తావులు చాలా కొద్ది. అయితే ఆ అందం దగ్గరికి మనల్ని చేరుస్తున్న దారుల్లో ఏదీ విహారం కోసం పుట్టలేదు. శిస్తు వసూలుకూ పోలీసుల రాకపోకలకూ పడ్డది ఒకటి, ఖనిజం కిందికి దించడానికి పడ్డది ఒకటి, నదీతీరపు ఊళ్ళను కలపడానికి పడ్డది మరొకటి. ఏ దారి ఎవరి అవసరానికి పుట్టిందో తెలిస్తే, అది ఎందుకు అక్కడ మలుపు తిరిగిందో, ఎందుకు ఫలానా ఊరి దగ్గర ఆగిపోయిందో, దాని పక్కన పెద్ద హోటళ్ళు ఎందుకు లేవో ఒకదాని వెంట ఒకటి విడిపడుతూ వస్తాయి.

ముందు ఈ నేల ఉనికి గురించి కొంత చెప్పాలి. తూర్పు కనుమలు పడమటి కనుమల్లాగా ఏకబిగిన సాగే గోడ కావు. నదులు కోసేసిన ముక్కలుగా ఉంటాయి. గోదావరికి ఉత్తరాన ఉన్న ముక్కే మనం మన్యమనీ, ఏజెన్సీ అనీ పిలిచే ప్రాంతం. రంపచోడవరం, గూడెం, పాడేరు, అరకు కొండలన్నీ ఇందులోవే. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఈ కొండల పొడవునా ఇప్పుడు 516ఈ జాతీయ రహదారి సాగుతోంది. రాజమహేంద్రవరంలో మొదలై రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు, బౌడారల మీదుగా విజయనగరం చేరే ఈ రహదారి పొడవు సుమారు 400 కిలోమీటర్లు. పటంలో ఒకే గీతగా కనిపించినా ఇది వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలకు పడ్డ దారులను కలిపి కుట్టిన రహదారి. అందువల్ల దీన్ని ఒక్కో భాగంగా విడదీసి చూడడమే మేలు.

దారికి కారణం ఏదైనా, కొండ ఎక్కేటప్పుడు దాని రూపాన్ని నిర్ణయించేది వాలు. మన రోడ్డు ప్రమాణాల ప్రకారం కొండ ప్రాంతాల్లో సాధారణంగా పాటించవలసిన వాలు ఇరవైకి ఒకటి, అంటే ఇరవై మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు ఎక్కాలి. ఈ లెక్కన 900 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే కనీసం 18 కిలోమీటర్ల రోడ్డు కావాలి. కొండ పాదం నుంచి పైదాకా నేరుగా చూస్తే అంత దూరం ఉండదు. ఆ మిగులు పొడవును కొండ ఒంటి మీదే ఎక్కడో సర్దాలి, అలా సర్దినప్పుడు పుట్టేవే హెయిర్‌పిన్ మలుపులు. కాలిబాటకు ఈ బాధ లేదు. కావడి మోసే మనిషి నిట్టనిలువుగా ఎక్కగలడు, అందుకే పాత కాలిబాటలు గెడ్డల, అంటే కొండవాగుల వెంట తిన్నగా పోతాయి. బండికో మోటారుకో దారి కావాలన్నప్పుడే కొండను అడ్డంగా, మెట్లు మెట్లుగా కోయవలసి వస్తుంది. కోయడానికి వందల చేతులు కావాలి. ఈ చేతులు ఎవరివన్న ప్రశ్న దగ్గరే మన్యం దారుల చరిత్ర వేడెక్కుతుంది.

కోసిన చోట ఏముందో కూడా చూడాలి. నర్సీపట్నం నుంచి బయలుదేరి డౌనూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు, బండి ఆపడానికి తగిన వెడల్పున్న చోట దిగి, కొండను కోసిన ముఖాన్ని దగ్గరగా గమనించండి. అడుగున తుప్పు రంగు పట్టిన గట్టి రాయి, అందులో చిన్న చిన్న ఎర్రటి చుక్కల్లా గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఇది ఖోండలైటు, ఈ కొండల్లోని కోందు ప్రజల పేరే ఈ రాయికి పెట్టారు. కాస్త పైన అదే రాయి చేత్తో నలిపితే పొడి అయ్యేంత మెత్తబడి ఉంటుంది. ఇంకా పైన చెట్ల వేళ్ళు వేలాడే ఎర్రమట్టి. లక్షల ఏళ్ళ వానకు రాయి కుళ్ళి మట్టిగా మారిన క్రమమంతా మనిషి ఎత్తులో కనిపిస్తుంది. ఈ మట్టి నీరు తాగితే జారుతుంది. ఆషాఢ శ్రావణాల్లో కొండచరియలు విరిగి రోడ్డు మీద పడడానికి, లోపలివైపు కాలువ పూడిపోతే ఒక్క రాత్రిలో కల్వర్టు కొట్టుకుపోవడానికి కారణం ఇదే. ఎత్తైన కొండల నెత్తిన ఇదే రాయి మరింతగా కరిగి, నీటికి కరగని అల్యూమినియం ఖనిజం మిగిలిపోతే అది బాక్సైటు. ఆ ఖనిజం తెచ్చిన తగాదా సంగతి అరకు దారిలో వస్తుంది.

ఇక నర్సీపట్నం, చింతపల్లి దారి. నా దృష్టిలో మన్యంలో చరిత్ర కోసం ఒక్క దారే ఎక్కాలంటే ఎక్కవలసింది దీన్నే.

ఆంగ్లేయుల పాలన కొండల్లోకి నిదానంగా పాకింది. 1839లో చేసిన 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల, మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించారు. ఏజెన్సీ అన్న మాట మన నోళ్ళలో నిలిచిపోయింది అక్కడినుంచే. కొండల మీద అసలు పెత్తనం ముఠాదార్లది. కొన్ని ఊళ్ళ గుంపును ముఠా అనేవారు. ఆ ముఠా శిస్తు పోగుచేసి పైకి కట్టే స్థానిక పెద్ద ముఠాదారు. 1879లో రంప ప్రాంతంలో కల్లు గీతపై పన్ను, మన్సబుదారు దోపిడీ, మైదానం వ్యాపారులు అప్పుల కింద పంటను ఎత్తుకుపోవడం కలిసి పెద్ద పితూరీ, అంటే తిరుగుబాటు లేచింది. సర్కారు సైన్యాన్ని దించినా అణచడానికి నెలల తరబడి పట్టింది, ఎందుకంటే కొండలో సైన్యం నడవడానికి దారి లేదు. దారులు లేకపోతే ఏలుబడి సాగదన్న పాఠం పాలకులకు అప్పుడే ఎక్కింది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని రిజర్వు చేసి, చెట్లు కొట్టి కాల్చి కొండవాలున సాగుచేసే పోడు వ్యవసాయానికి కంచె వేసింది. అడవి నుంచి కలప దిగాలన్నా, అడవి మీద నిఘా ఉండాలన్నా మళ్ళీ కావలసింది దారే.

ఈ నేపథ్యంలో 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండల్లోకి రోడ్డు పనులు చేయించాడు. పొలం పనులు, అటవీ ఫలాల సేకరణ మానుకొని గిరిజనులు రాళ్ళు కొట్టాలి, మట్టి మోయాలి. రోజుకు ఆరణాలు ఇవ్వవలసిన కూలికి రెండణాలే ముట్టజెప్పాడన్నది ఆనాటి ఫిర్యాదు. బట్టిపనుకుల ముఠాదారు గాం గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర ఈ అధికారితో తలపడి ముఠానూ భూమినీ పోగొట్టుకున్నారు. అంటే ఒకే రోడ్డు దగ్గర రెండు గాయాలు కలిశాయి. కూలి దక్కని సామాన్యుడి కడుపుమంట ఒకటి, అధికారం పోయిన పెద్ద కుటుంబం అవమానం మరొకటి. ఈ రెండూ ఏనాడూ ఒక్కటి కావు. ముఠాదారుకూ పోడు రైతుకూ మధ్య కూడా పాత లెక్కలు ఉండేవి. వాటిని ఒక్కతాటి మీదకు తేగలిగినవాడు మైదానం నుంచి వచ్చిన అల్లూరి సీతారామరాజు. ఒక్క రోడ్డు వల్లే తిరుగుబాటు వచ్చిందనడం చరిత్రను కుదించడమే అవుతుంది. అడవి చట్టం, అప్పులు, వెట్టి, పోలీసుల వేధింపు ఎప్పటినుంచో పోగుపడి ఉన్నాయి. వాటన్నిటికీ కంటికి కనిపించే ఒక రూపం ఇచ్చింది మాత్రం ఆ రోడ్డే.

తర్వాత జరిగినదాన్ని పటం ముందు పెట్టుకొని చదివితే బాగా అర్థమవుతుంది. 1922 ఆగస్టు 22న కొండ మీద చింతపల్లి పోలీసు స్టేషను, 23న కొండ పాదంలోని కృష్ణదేవిపేట స్టేషను, 24న ఇంకా పడమటన రాజవొమ్మంగి స్టేషను. మూడు రోజుల్లో మూడు చోట్ల సీతారామరాజు దళం దాడి చేసి తుపాకులూ తూటాలూ పట్టుకుపోయింది. సర్కారు వేసిన దారిలో వెళ్తే ఆ వేగం కుదరదు. కొండవాళ్ళకు తెలిసిన కాలిబాటలు ఆ మూడు ఊళ్ళనూ దగ్గర చేశాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పోలీసు బలగం ఒకరి వెనక ఒకరుగా నడవవలసిన ఇరుకుదారిలో వస్తూంటే, ముందున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి వెనక వస్తున్న ఆంగ్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చి చంపారు. దారిని ఎవరు వేశారన్నదాని కంటే దారికి పైనున్న గట్టు ఎవరికి తెలుసన్నదే ఆ రోజు లెక్కకు వచ్చింది. ఆ తర్వాత మలబారు స్పెషల్ పోలీసులూ అస్సాం రైఫిల్స్ బలగాలూ దిగాయి, గాలింపు ఏడాదిన్నరకు పైగా సాగింది. 1924 మే 7న రాజు మంప దగ్గర పట్టుబడ్డాడు, విచారణ లేకుండానే కొయ్యూరు వద్ద కాల్చి చంపారు. గంటందొర ఆ జూన్‌లో నేలకొరిగాడు. దీర్ఘ శిక్ష అనుభవించి బయటపడ్డ మల్లుదొర 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. లంబసింగి మంచు చూసి నేరుగా వెనుదిరిగే బండ్లలో ఎక్కువ భాగం అక్కడ ఆగవు. నర్సీపట్నం నుంచి కొద్ది దూరమే కనుక ఆగవలసిందని గట్టిగా చెబుతాను.

అరకు దారి కథ వేరు. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట, బౌడార, టైడా, డముకు, అనంతగిరి మీదుగా గాలికొండ చేరి, సుంకరమెట్ట కాఫీతోటలు దాటి లోయలోకి దిగే ఈ 115 కిలోమీటర్ల దారి సముద్రతీరాన్నీ జయపురం సంస్థానం పీఠభూమినీ కలిపే పాత బాటల్లో ఒకటి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం, కోరాపుట్ ప్రాంతాలు కూడా విశాఖపట్నం జిల్లాలోవే. సరిహద్దు పడ్డాక కూడా సంతలు, పెళ్ళి సంబంధాలు, భాషలు ఆ గీతను పట్టించుకోలేదు. స్వాతంత్ర్యం తర్వాత మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంతో ఈ వైపు రాకపోకలు పెరిగాయి. 1960లలో వచ్చిన కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం అంతకంటే పెద్ద మార్పు తెచ్చింది. బస్తర్‌లోని బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు ఎగుమతి చేయడమే దాని ఉద్దేశం. జపాన్ సహకారంతోనే పడింది కూడా. సొరంగం వెంట సొరంగం దూరుతూ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను చేరే ఆ లైనులో 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ చేర్చారు. ఈనాటికీ ఆ పట్టాల మీద ప్రయాణికుల రైళ్ళ కంటే ఖనిజం బండ్లదే పైచేయి. రోడ్డు మీంచి చూసేటప్పుడు లోయకు అవతలి వాలున ఎర్రధూళి పట్టిన వ్యాగన్ల వరుస కనిపిస్తే, ఆ మార్గం దేనికోసం పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

అనంతగిరి, బొర్రా చుట్టుపక్కల బండి నడిపేవాళ్ళు తెలుసుకోవలసిన ఇంకో సంగతి ఉంది. బొర్రా గుహల సున్నపురాయి అందం చూడడానికి జనం వస్తారు. అదే ప్రాంతంలోని గనుల లీజులపై సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన దావాలో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు దేశమంతా షెడ్యూల్డ్ ప్రాంతాల చర్చకు ఆధారమైంది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ గనుల కోసం లీజుకివ్వరాదని ఆ తీర్పు స్పష్టం చేసింది. దానికి మూలం మన దగ్గర అందరూ ఒకటి బై డెబ్భై అని పిలిచే 1970 నాటి భూబదలాయింపు నిబంధన. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది దాని సారం. ఊటీ, మున్నార్‌లలో కనిపించే హోటళ్ళ వరుసలు, అమ్మకానికి పెట్టిన విల్లాలు అరకులో అంతగా ఎందుకు లేవని అడిగేవాళ్ళకు జవాబు ఇక్కడే ఉంది. చట్టాన్ని తప్పించుకొనే లోపాయికారీ ఒప్పందాలు లేవని కాదు. అయినా ఈ దారుల పక్కన ఇంకా చిరుధాన్యాల చేలూ వలిసె పూలూ మనకు కనిపిస్తున్నాయంటే ఆ నిబంధనకు ఎంతో కొంత రుణపడి ఉన్నాం. 2015 నవంబరులో చింతపల్లి వైపు జెర్రెల కొండల్లో బాక్సైటు తవ్వకాలకు వీలు కల్పిస్తూ వచ్చిన 97వ నంబరు జీవో మీద గిరిజనులు పోరాడారు. 2019లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ కొండల నెత్తిన ఉన్న ఖనిజం వాననీటిని పట్టి ఉంచి ఏడాది పొడవునా ఊటలకు అందిస్తుంది. తవ్వితే ఎండేది కింద ఉన్న గెడ్డలే.

కాఫీ ఈ దారిలో మంచి మలుపు తెచ్చిన పంట. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్ల మాను మీదకే మిరియపు తీగ. సొంత తోటలున్న గిరిజన రైతుల చేతుల్లో పండిన అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండు, అడ్డాకులు, పిప్పళ్ళతో పాటు కాఫీనీ కొంటుంది. రోడ్డు వల్ల పంట ధర పెరిగిందా, లేక దళారీ రాక సులువైందా అంటే రెండూ జరిగాయి. తూకం దగ్గర నిలబడి చూస్తేనే ఏది ఎక్కువో తెలుస్తుంది. సంతరోజు పొద్దున్నే తలమీద కొండచీపుర్ల మోపుతో కాలిబాటన దిగివచ్చే ఆడవాళ్ళు, మైదానం నుంచి వ్యానులో వచ్చిన వ్యాపారి ఒకే రోడ్డుకు రెండు చివర్ల నుంచి చేరతారు. బేరం కుదిరేసరికి మోపు వ్యానెక్కుతుంది, ఉప్పూ ఎండుచేపలూ కొండెక్కుతాయి.

రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు దారి గురించి క్లుప్తంగా చెబుతాను. గోదావరి మైదానాన్ని శబరి తీరానికీ అక్కడినుంచి భద్రాచలానికీ కలిపే అడ్డదారి ఇది. చింతూరు దగ్గర విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారిని కలుస్తుంది. పోలవరం ముంపు దృష్ట్యా 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలను ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపాక ఆ ఊళ్ళ జనానికి సొంత రాష్ట్రపు కార్యాలయాలకు ఈ ఘాటే దారి. అడవి చిక్కన, రోడ్డు ఇరుకు, మలుపులు బిగువు. రాత్రిపూట, పొగమంచులో ఇక్కడ బస్సులు లోయలో పడ్డ దుర్ఘటనలు జరిగాయి. కొత్తవాళ్ళు పగటి వెలుగులోనే దాటాలి.

ఇక్కడొక చిక్కుముడి ఉంది, దీన్ని దాటవేస్తే మిగతాదంతా సగం నిజమే అవుతుంది. వందేళ్ళ కిందట రోడ్డు మీద తిరగబడ్డ కొండల్లోనే ఈరోజు జనం రోడ్డు కావాలని అడుగుతున్నారు. పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషిని దుప్పటి కట్టిన కర్రకు వేలాడదీసి, నలుగురు మోసుకుంటూ గెడ్డలు దాటించి అంబులెన్సు ఆగే చోటికి చేర్చే డోలీ మోతలు ఇంకా వార్తల్లో వస్తూనే ఉన్నాయి. రెండింటికీ మధ్య వైరుధ్యం లేదని నేననుకుంటాను. 1922లో వాళ్ళు ఎదిరించింది తమ కూలిని మింగి, తమ అడవిని బయటికి మోసుకుపోయే రోడ్డును. ఇప్పుడు అడుగుతున్నది తమ గుమ్మం దాకా వచ్చే రోడ్డును. 2000లో మొదలైన గ్రామ సడక్ యోజన కొన్ని ఊళ్ళను కలిపింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకు 2016లో వచ్చిన ప్రత్యేక పథకం ఇంకొన్నిటిని కలిపింది, అయితే ఆ దారుల ఎంపికలో భద్రతా బలగాల అవసరానికీ వాటా ఉంది. కొన్నేళ్ళ పాటు ఈ కొండల్లో కల్వర్టులు పేల్చివేతకు గురయ్యాయంటే, దారిని ఇరుపక్షాలూ యుద్ధ సాధనంగా చూడడమే కారణం. ఆదిమ తెగల ఆవాసాల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్, 2025లో రాష్ట్రం మొదలుపెట్టిన అడవితల్లి బాట వంటివి డోలీ మోతను తప్పించడమే లక్ష్యమని ప్రకటించాయి. కొండ చివరి గూడెం దాకా తారు ఎంతవరకు చేరిందన్నదే వాటికి కొలత. పర్యాటకులు వెళ్ళే చూపుడు స్థలానికి మంచి రోడ్డుండి, దాని వెనక లోయలోని గూడేనికి కాలిబాటే దిక్కయిన చోట్లు ఇప్పటికీ ఉన్నాయి.

వెళ్ళదలచినవాళ్ళకు నా సలహా: రాజమహేంద్రవరం నుంచి మొదలుపెట్టి దక్షిణం నుంచి ఉత్తరానికి సాగండి. రంపచోడవరంలో 1879, కొయ్యూరు, కృష్ణదేవిపేట, లంబసింగిలలో 1922 నుంచి 1924, పాడేరు దాటాక కాఫీ, అరకు, బొర్రాల దగ్గర రైలూ తీర్పూ, ఇలా కాలక్రమం కూడా దాదాపు వరుసలోనే వస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున చల్లగాలి బరువెక్కి వాలుల మీంచి లోయల్లోకి జారి నిలుస్తుంది. అందుకే పొగమంచు గట్టు మీదకన్నా లోయలోనే దట్టం. వంజంగి కొండెక్కినవాళ్ళకు అది కాళ్ళకింద మేఘాల సముద్రంలా కనిపిస్తుంది, అదే సమయంలో లోయలో బండి నడిపేవాడికి పది అడుగుల దూరం కనిపించదు. మంచు విడేదాకా ఆగడం మంచిది. ఎక్కే బండికి దారివ్వడం దిగేవాడి బాధ్యత. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి, బ్రేకు మీదే భారం వేస్తే లైనింగు కాలిన వాసన వచ్చేసరికే ఆలస్యమవుతుంది. గూడేల్లో మనుషుల ఫొటోలు అడక్కుండా తీయకండి. తాగిన సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు మీ బండిలోనే కిందికి తెచ్చుకోండి, అక్కడి గెడ్డ నీళ్ళే ఆ కింది ఊరి తాగునీళ్ళు.

516ఈ వెడల్పు పనులు పూర్తవుతున్న కొద్దీ ప్రయాణం వేగం పెరుగుతుంది. అందుకోసం కొండను ఇంకా లోతుగా కోస్తున్నారు. వాలును నిటారుగా కోసి, మెత్తటి ఖోండలైటు పొరకు ఆనుగోడ కట్టకుండా వదిలేసిన ప్రతిచోటా రెండు మూడు వర్షాకాలాల్లో మట్టి కిందికి వస్తుంది. ఆ మట్టి మొదట పడేది రోడ్డు మీద, అక్కడినుంచి ఎవరి వరిమడిలోకో. నష్టపరిహారం లెక్కల్లో రోడ్డుకు పోయిన భూమి చేరుతుంది గాని ఇలా పూడిన మడి సాధారణంగా చేరదు. వెడల్పు పనులు సాగుతున్న ఈ రోజుల్లోనే దాన్నీ లెక్కలో చేర్చాలని గ్రామసభలు తీర్మానాలు చేయవచ్చు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆ సభలకు 1996 నాటి పెసా, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన చట్టం ఇచ్చిన బలముంది.